శని, ఆదివారాల్లో రెండు ఎక్స్‌సీ రేసులు: బ్యాగు సర్దుకోవడం నుంచి సోమవారం కడుగుడు దాకా

క్రాస్ కంట్రీ (ఎక్స్‌సీ) మౌంటెన్ బైక్ రేసుకి వెళ్దామనుకునేవాళ్ళు ముందుగా అడిగేది బైక్ ఎంతలో తీసుకోవాలని, ఆ తర్వాత ఎన్ని కిలోమీటర్లుంటుందని. అడగాల్సినవే గానీ, మీ ఫలితాన్ని తేల్చేవి ఆ రెండూ కావు. శనివారం ఒక చిన్న రేసు, ఆదివారం అసలు రేసు ఉన్న వారాంతంలో, శుక్రవారం సాయంత్రానికి మీ కాళ్ళలో ఎంత బలముందో అంతే, ఆ రెండు రోజుల్లో అది పెరిగేది లేదు. పెరగదు గానీ తరిగిపోవడానికి మాత్రం బోలెడు దారులున్నాయి: బస్సులో నిద్ర పట్టక కొంత, శనివారం మధ్యాహ్నం ఎండలో నిలబడి కబుర్లు చెప్పుకుని కొంత, టైర్లో గాలి ఎక్కువై ప్రతి రాయి మీదా ఎగిరెగిరి కొంత, స్టార్టులో ఆవేశపడి మిగతాదంతా. కింద రాసినదంతా ఆ తరుగుదల ఆపడం గురించే. ఆగకుండా రెండు గంటలు తొక్కగలిగి, మట్టిదారుల మీద కాస్త అలవాటుండి, రేసు ఇంకా చేయనివాళ్ళనో ఒకటి రెండు చేసి నిరాశపడ్డవాళ్ళనో దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను.

ముందు ఏ రేసో తెలుసుకోండి

ఎక్స్‌సీవో అంటే ఒలింపిక్స్‌లో ఉండే రకం, 1996 అట్లాంటాలో మొదలైంది. 4 నుంచి 6 కిలోమీటర్ల చుట్టు, అందులో ఎక్కుళ్ళు, దిగుళ్ళు, రాళ్ళు, వేర్లు, ఇరుకు కాలిబాటలు, దాన్నే మళ్ళీ మళ్ళీ తొక్కాలి. అంతర్జాతీయ స్థాయిలో గెలిచేవాళ్ళకి సుమారు గంటా ఇరవై నుంచి గంటా నలభై నిమిషాలు పడుతుంది. మన స్థాయి కేటగిరీలకి ల్యాపులు, అంటే చుట్లు, తగ్గించి పెడతారు. ఎక్స్‌సీసీ, అంటే షార్ట్ ట్రాక్, దీనికి తమ్ముడు: 2 కిలోమీటర్లకి మించని చుట్టు, 20 నిమిషాల చిల్లర, పెద్ద అడ్డంకులుండవు, మొదటి నుంచి చివరి దాకా ఊపిరి బిగబట్టి తొక్కడమే. వరల్డ్ కప్‌లో షార్ట్ ట్రాక్‌లో ముందు వచ్చినవాళ్ళకే ఆదివారం ముందు వరసలు దక్కుతాయి. లోకల్ రేసుల్లో ఈ లింకు ఉండొచ్చు, ఉండకపోవచ్చు, కొన్నిచోట్ల శనివారం ప్రాక్టీసు ఒక్కటే పెట్టి రేసంతా ఆదివారానికి వదిలేస్తారు. అందుకే ఎంట్రీ కట్టగానే నిర్వాహకులు పంపే టెక్నికల్ గైడ్ పూర్తిగా చదవండి. దాన్ని ఎవరూ చదవరు, తర్వాత స్టార్టు దగ్గర పక్కవాళ్ళని అడుగుతుంటారు. శనివారం ఫలితంతో ఆదివారం వరస నిర్ణయిస్తారా లేదా అన్న ఒక్క వాక్యం మీ వారాంతం ప్లానంతా మార్చేస్తుంది.

ఎంటీబీ (మౌంటెన్ బైక్) హిమాలయ లాంటి రోజుల తరబడి సాగే స్టేజి రేసులు, నాలుగైదు గంటల మారథాన్‌లు వేరే లెక్క, వాటికి ఇక్కడ చెప్పేవి సగమే పనికొస్తాయి.

మన దేశంలో ఎక్స్‌సీ బాగా సాగేది హిమాచల్, ఉత్తరాఖండ్ వైపు, దక్షిణాదిలో కర్ణాటక, కేరళ. 2023 అక్టోబరులో ఆసియా మౌంటెన్ బైక్ చాంపియన్‌షిప్ తిరువనంతపురం దగ్గరి పొన్ముడి కొండల్లో జరిగింది, పారిస్ ఒలింపిక్స్‌కి అర్హత పోటీ కూడా అదే. వయనాడ్ తేయాకు తోటల్లోనూ ఎంటీబీ రేసులు జరిగాయి. హైదరాబాద్‌లో ఉన్నవాళ్ళు గండిపేట చుట్టుపక్కల రాళ్ళ దారుల్లోనో, వికారాబాద్ అనంతగిరి అడవిలోనో సాధన చేసి, రేసుకి మాత్రం బెంగళూరు వైపు బస్సెక్కడం మామూలే. విశాఖ వాళ్ళకి కొండలు ఇంటిముందే ఉన్నాయి, అసూయగా ఉంటుంది. అమెరికాలో ఉన్న మనవాళ్ళ పిల్లలకైతే ఈ బాధ లేదు, 2009లో మొదలైన నైకా అనే సంఘం నడిపే స్కూల్ మౌంటెన్ బైక్ లీగులు ఉన్నాయి, శనివారం కోర్సు చూసుకోవడం, ఆదివారం రేసు అన్న పద్ధతి వాళ్ళకి ఆరో తరగతి నుంచే అలవాటవుతుంది.

వయసు కేటగిరీ ఎంచుకునేటప్పుడు ఒక చిన్న లెక్క. అంతర్జాతీయ నియమాల్లో మీ పుట్టినరోజుతో పనిలేదు, ఆ సంవత్సరం డిసెంబరు 31కి మీకెన్నేళ్ళు నిండుతాయో అదే రేసు వయసు. 17, 18 అయితే జూనియర్, 19 నుంచి 22 అయితే అండర్ 23, ఆ పైన ఎలీట్, ముప్ఫై దాటాక మాస్టర్స్ వైపు చూడొచ్చు. రాష్ట్ర, జాతీయ చాంపియన్‌షిప్‌లకైతే రాష్ట్ర సైక్లింగ్ సంఘం ద్వారా వెళ్ళాలి, లైసెన్సు కాగితాలు ఆఖరి వారంలో తేలే పని కాదు. సరదా రేసులకి ఓపెన్ కేటగిరీ చాలు. మొదటిసారి అయితే గర్వానికి పోకుండా కింది కేటగిరీలోనే వేయండి.

రెండు వారాల ముందు నుంచి

కష్టపడి చేసిన శిక్షణ ఫలితం ఒంట్లో కనపడటానికి సుమారు పది రోజులైనా పడుతుంది. కాబట్టి రేసుకి పది రోజుల ముందు చేసే గట్టి రైడే ఆఖరి పెద్ద రైడ్. ఆ తర్వాత గంటలు సగానికి తగ్గించండి, కానీ తీవ్రత పూర్తిగా మానేయకండి, వారం మధ్యలో ఒక రోజు నాలుగైదు సార్లు మూడేసి నిమిషాలు గట్టిగా తొక్కి వదిలేస్తే కాళ్ళు మొద్దుబారవు. శుక్రవారం ప్రయాణం ఉంటుంది కాబట్టి గురువారమో శుక్రవారం ఉదయమో నలభై నిమిషాలు తేలిగ్గా తొక్కి, మధ్యలో రెండు మూడు చిన్న స్ప్రింట్లు కొట్టి ఆపేయండి.

ఆఖరి రెండు వారాల్లో నిజంగా బాగుపడేది ఒక్కటే, నైపుణ్యం. దిగుడులో బ్రేకు మలుపులోకి రాకముందే వేసి, మలుపులో వదిలేయడం. బయటి వైపు పెడల్ కిందికి దించి, చూపు ముందు చక్రం మీద కాకుండా మలుపు చివర పెట్టడం. రోజూ పావుగంట, ఒకే మలుపులో ఇరవైసార్లు చేయండి, ఎవరైనా చూస్తే నవ్వుతారు, నవ్వనివ్వండి. బాటిల్ ఒంటి చేత్తో తీసి, తాగి, చూడకుండా తిరిగి పెట్టడం కూడా సాధన చేయాల్సిందే. రేసులో నీళ్ళు తాగలేకపోయానని చెప్పేవాళ్ళలో చాలామందికి దాహం సమస్య కాదు, బాటిల్ తీయడానికి చెయ్యి వదలాలంటే భయం.

బైక్ సంగతి, ముఖ్యంగా టైర్లు

29 అంగుళాల చక్రాలు, ముందు 100 మిల్లీమీటర్ల సస్పెన్షన్ ఉన్న హార్డ్‌టెయిల్ (వెనక సస్పెన్షన్ లేని బైక్) ఏదైనా మొదటి రేసులకి సరిపోతుంది. దాన్ని రెండు లక్షల బైక్‌గా మార్చాలని చూడకుండా, డబ్బంతా టైర్ల మీద పెట్టండి.

మన నేలలో మొదటి శత్రువు పల్లేరు కాయ, రెండోది తుమ్మ ముల్లు. ట్యూబ్ ఉన్న టైర్‌తో దక్కన్‌లో రేసంటే లాటరీయే. ట్యూబ్‌లెస్‌కి మారండి, లోపల రంధ్రాలు మూసే సీలెంట్ ద్రవం ఎండిపోకుండా చూసుకోండి, మన ఎండలకి అది రెండు మూడు నెలల్లోనే గట్టిపడిపోతుంది, రేసు వారంలో కొత్తగా పోసి రెండు రోజులు తొక్కితే అంచుల్లో కారేవి అవే మూసుకుపోతాయి. ముల్లు గుచ్చుకుని ఉంటే పీకకండి, చాలాసార్లు ఆ ముల్లే బిరడాలా పనిచేస్తుంది.

గాలి విషయంలో రోడ్డు సైకిల్ అలవాటున్నవాళ్ళు తేడా చేస్తారు. గట్టిగా కొడితే వేగం వస్తుందనుకుంటారు, మట్టిలో అది తిరగబడుతుంది: గట్టి టైరు ప్రతి రాయి మీదా ఎగురుతుంది, ఎగిరిన ప్రతిసారీ మీ శక్తి గాల్లోకి పోతుంది, మలుపులో పట్టు కూడా ఉండదు. 70 కిలోల మనిషికి 2.25 అంగుళాల ట్యూబ్‌లెస్ టైర్లో ముందు 20 నుంచి 22, వెనక 22 నుంచి 24 పీఎస్ఐ దగ్గర మొదలుపెట్టి, రిమ్ము రాయికి తగులుతున్న చప్పుడొస్తే ఒకటి పెంచండి, మలుపులో జారితే ఒకటి తగ్గించండి. ట్యూబ్ ఉంటే ఇంకో ఆరేడు ఎక్కువ ఉంచక తప్పదు, లేకపోతే రాయికీ రిమ్ముకీ మధ్య ట్యూబ్ నలిగి పాముకాటులా రెండు రంధ్రాలు పడతాయి. పంపు మీదుండే మీటరు ముల్లుని నమ్మకండి, తక్కువ ఒత్తిడి దగ్గర అవి రకరకాలుగా చూపిస్తాయి, సొంత గేజు ఒకటి కొనుక్కుని ఎప్పుడూ దాంతోనే కొలవండి. నీడలో కొలవాలి. ఎండలో నిలబెట్టిన టైర్లో ఒత్తిడి పెరిగి ఉంటుంది.

మిగతావి గబగబా చెప్పేస్తాను. సస్పెన్షన్‌లో మీరు కూర్చున్నప్పుడు మొత్తం కదలికలో 20 నుంచి 25 శాతం దిగాలి. బ్రేక్ ప్యాడ్లు సగానికి పైగా అరిగితే రేసుకి ముందు వారమే మార్చి, ఒక వాలులో పదిహేను ఇరవైసార్లు గట్టిగా పట్టి వదిలి వాటిని అలవాటు చేయండి, మార్చిన రోజే రేసుకి వెళ్తే ప్యాడ్లు పట్టవు. డిరైలర్ హ్యాంగర్ (వెనక గేర్లు మార్చే డిరైలర్ని ఫ్రేముకి పట్టి ఉంచే ముక్క) స్పేర్ ఒకటి తప్పక ఉంచుకోండి, ఒక్కో బైక్‌కి ఒక్కో ఆకారం కాబట్టి రేసు జరిగే ఊళ్ళో దొరకదు. షూ అడుగున బిగుసుకునే క్లిప్ పెడల్స్ అలవాటు లేకపోతే రేసు వారంలో మొదలుపెట్టొద్దు, మామూలు పెడల్స్‌తో రేసు చేస్తే ఎవరూ ఏమీ అనరు. రేసులో మీతో ఉండాల్సినవి: టైరు రంధ్రంలో దూర్చే ప్లగ్ కిట్, చిన్న పంపు లేదా గాలి నింపే సీవో2 క్యాట్రిడ్జు, మల్టీటూల్, తెగిన చైన్ కలిపే క్విక్ లింకు, ఒక ట్యూబ్. జెర్సీ జేబులో మొబైల్ వేసుకోకండి, పడితే వీపుకి గుచ్చుకునేది అదే.

ప్రయాణం

సొంత కారైతే అదృష్టవంతులు. బస్సయితే ముందురోజే ఆఫీసుకి ఫోన్ చేసి సైకిల్ ఉందని చెప్పండి, ఆ తర్వాత కూడా ఎక్కేచోట డ్రైవరుతో, క్లీనరుతో మళ్ళీ బేరం ఉంటుంది, చిల్లర దగ్గర పెట్టుకోండి. రెండు చక్రాలూ తీసేసి, హైడ్రాలిక్ బ్రేకుల ప్యాడ్ల మధ్య ప్లాస్టిక్ ముక్కో మడిచిన అట్టముక్కో పెట్టండి, ఆ పని మరిచిపోతే బస్సు కుదుపులకి లివర్ నొక్కుకుని ప్యాడ్లు అతుక్కుపోతాయి, ఊరుగాని ఊళ్ళో రాత్రి స్క్రూడ్రైవర్ పెట్టి విడదీసుకుంటూ కూర్చోవాలి. డిరైలర్ ఉన్న పక్క పైకి ఉండేలా పడుకోబెట్టండి. డిక్కీలో మీ బైక్ మీద ఇంకొకరి సూట్‌కేసు పెట్టకుండా చూసుకునే బాధ్యత మీదే. రైల్లో పార్సిల్ ఆఫీసులో బుక్ చేయొచ్చు గానీ మీరెక్కిన రైల్లోనే అదీ వస్తుందన్న హామీ లేదు, వారాంతపు రేసుకి ఆ రిస్కు అనవసరం. విమానమైతే సీవో2 క్యాట్రిడ్జులు ఇంట్లో వదిలేసి చేతిపంపు తీసుకెళ్ళండి.

హెల్మెట్, షూస్, జెర్సీ, నిక్కరు, మీరు తినే రేసు తిండి మాత్రం మీ చేతి సంచిలోనే. బైక్ లేటైతే ఎవరిదైనా అడిగి తీసుకోవచ్చు, షూస్ ఎవరిస్తారు?

శుక్రవారం రాత్రి నిద్ర సరిగా పట్టదని ముందే ఒప్పుకోండి. బుధ, గురువారాల్లో గంట ఎక్కువ పడుకోవడమే దానికి మందు.

శనివారం ఉదయం: కోర్సు చదవడం

వారాంతం మొత్తంలో ఎక్కువమంది వృథా చేసేది ఈ రెండు గంటలే. స్నేహితులతో వరసగా మూడు ల్యాపులు వేగంగా కొట్టి, స్ట్రావా యాప్‌లో పెట్టి, కాళ్ళు ఖాళీ చేసుకుంటారు. మీరు ఇలా చేయండి.

మొదటి ల్యాపు నడకకన్నా కాస్త వేగం, అంతే. కష్టమైన చోట ప్రతిసారీ ఆగి, బైక్ పక్కన పెట్టి, నడిచి కిందికి వెళ్ళి, అక్కడి నుంచి పైకి తిరిగి చూడండి. పైనుంచి కనపడని దారి కిందినుంచి కనపడుతుంది, ముఖ్యంగా రాళ్ళ దిగుళ్ళలో. ప్రమాదకరమైన చోట్ల చాలా కోర్సుల్లో రెండు దారులుంటాయి, నిటారుగా దూకే ఏ లైను, చుట్టూ తిరిగే బీ లైను. బీ లైను నాలుగైదు సెకన్లు ఎక్కువ తీసుకుంటుంది, పడితే రెండు నిమిషాలు పోతాయి, ఒక్కోసారి కాలరు ఎముక కూడా. ప్రాక్టీసులో వరసగా మూడుసార్లు భయం లేకుండా దిగగలిగితేనే రేసులో ఏ లైను తీసుకోండి. గుండె 180 కొట్టుకుంటూ ఆయాసంతో వచ్చినప్పుడు మీ చేతులు ఇప్పటిలా ఉండవు.

రెండో ల్యాపులో ముక్కలు ముక్కలుగా రేసు వేగంతో తొక్కండి: ఒక ఎక్కుడు, ఒక దిగుడు, స్టార్టు నుంచి మొదటి ఇరుకు బాట దాకా ఉన్న దూరం. ఈ ఆఖరిదాన్ని రెండు మూడుసార్లు చూడండి, ఆదివారం సగం రేసు అక్కడే తేలుతుంది. ఈ ల్యాపులో బుర్రలో రాసుకోవాల్సినవి కొన్నున్నాయి. ఎక్కడ దాటడానికి వీలుంది, ఎక్కడ లేదు. నీళ్ళు తాగడానికి చేయి వదలగలిగే చోటు ఏది. ఏ ఎక్కుడుకి ముందు ఏ గేరులోకి మారాలి. ఎక్కడ దిగి పరుగెత్తడం తొక్కడం కన్నా వేగం. ఫీడ్ జోన్ (మనవాళ్ళు బాటిల్ అందించే చోటు) ఎక్కుడు మొదట్లో ఉందా, చివర ఉందా.

నేల కూడా చదవాలి. కేరళ, కర్ణాటక కొండల ఎర్రమట్టి ఎండినప్పుడు గట్టిగా, పైన సన్నటి ఇసుకతో గోలీల మీద నడిచినట్టుంటుంది, తడిస్తే నున్నగా జారుతుంది గానీ టైరుకి అంతగా అంటుకోదు. మన వైపు నల్లరేగడి దానికి పూర్తిగా వేరు, రెండు చినుకులు పడితే చాలు టైరుకి పట్టి ఫ్రేముకీ చక్రానికీ మధ్య ముద్దలా పేరుకుని చక్రమే తిరగదు. అలాంటప్పుడు బాట మధ్యలో కాకుండా అంచున గడ్డి మీద తొక్కండి, లేదా భుజాన వేసుకుని నడవండి, నియమాల్లో అది తప్పేమీ కాదు.

రెండు ల్యాపులు చాలు. మూడోది కావాలనిపిస్తే అది టెన్షన్ వల్లే.

శనివారం సాయంత్రం షార్ట్ ట్రాక్

ఆదివారం వరసకి దీనితో సంబంధం ఉంటే నిజాయితీగా పోటీ చేయండి, మూడు వరసలు ముందు నిలబడటం ఆదివారం ఇరుకు బాట ముందు కనీసం నిమిషం విలువ చేస్తుంది. సంబంధం లేకపోతే ముందు గుంపులో వెనకెనక ఉంటూ పావుగంట తొక్కి, చివర్లో కోరిక తీర్చుకోండి చాలు.

ఇది మౌంటెన్ బైక్ మీద చేసే రోడ్డు రేసు లాంటిది. ముందువాళ్ళ చక్రం వెనక దాక్కుంటే గాలి దెబ్బ తగ్గుతుంది, తిన్నగా ఉండే భాగాల్లో మీరు ఒంటరిగా ముందుండి లాగకండి. మలుపుల్లోంచి బయటికి వచ్చేటప్పుడు గుంపు రబ్బరులా సాగుతుంది, వెనకున్నవాళ్ళు ప్రతి మలుపు తర్వాతా స్ప్రింటు కొట్టాల్సి వస్తుంది, అందుకని మొదటి పది మందిలో ఉండటమే తక్కువ కష్టం. ల్యాపులు రెండో మూడో ఉన్నప్పుడు ముందుకి జరగకపోతే ఆ తర్వాత దారి దొరకదు.

ముగిసిన అరగంట నుంచి పడుకునేదాకా

గీత దాటాక ఆగిపోకండి. పది నిమిషాలు చిన్న గేరులో తిప్పండి. దిగగానే తడి నిక్కరు మార్చుకోండి, తడిబట్టలతో గంటసేపు కూర్చుంటే ఒరుసుకుపోయి ఆదివారం సీటు మీద కూర్చోలేరు. మొదటి గంటలో కిలో బరువుకి ఒక గ్రాము చొప్పున పిండిపదార్థం లోపలికి వెళ్ళాలి, 65 కిలోల మనిషికి రెండు అరటిపళ్ళు, ఒక చిన్న గిన్నె పెరుగన్నం సరిపోతాయి. పెరుగన్నంలో ఉప్పు కాస్త ఎక్కువే వేసుకోండి, చెమటలో పోయింది అదే. మాంసకృత్తులకి రెండు మూడు గుడ్లో, గ్లాసు పాలో, పనీరో.

రాత్రి భోజనం ఏడున్నరకల్లా అయిపోవాలి. అన్నం, పలచటి పప్పు, కొంచెం కోడికూర, పెరుగు. గోంగూర, పచ్చిమిర్చి పచ్చడి, మిర్చీ బజ్జీ ఆదివారం మధ్యాహ్నానికి వాయిదా. కొత్త ఊళ్ళో ఫేమస్ బిర్యానీ తిందామని పదిమంది బయల్దేరతారు, వాళ్ళతో వెళ్ళి మీరు పెరుగన్నం తినండి లేదా వెళ్ళనే వెళ్ళకండి. పీచు పదార్థాలు, పచ్చి సలాడ్లు కూడా ఆ రాత్రికి వద్దు, ఉదయం కడుపు తేలిగ్గా ఉండటమే కావలసింది.

బైక్ కడిగేటప్పుడు బేరింగుల మీదికి నీళ్ళు గట్టిగా కొట్టకండి. చైన్ తుడిచి, నూనె వేసి, మళ్ళీ పైపైన తుడవండి. స్టెమ్, హ్యాండిల్, సీటుపోస్టు బోల్టులు ఒకసారి, చక్రాల యాక్సిల్స్ ఒకసారి చూడండి. టైరంతా చేత్తో తడిమి చూస్తే ముళ్ళు దొరుకుతాయి. నంబరు ప్లేటు హ్యాండిల్‌కి రాత్రే కట్టేయండి. బాటిళ్ళు కలిపి ఫ్రిజ్‌లో పెట్టండి: అర లీటరు నీళ్ళలో 30 నుంచి 40 గ్రాముల చక్కెరో గ్లూకోజో, నిమ్మరసం, రెండు చిటికెల ఉప్పు. ఓఆర్ఎస్ ప్యాకెట్టే చాలనుకోవద్దు, లీటరు ఓఆర్ఎస్‌లో గ్లూకోజు 13.5 గ్రాములే ఉంటుంది, అది నీటి లోటు తీర్చడానికి చేసింది, గంటసేపు రేసుకి ఇంధనం కాదు. అయితే విపరీతంగా చెమట పట్టే రోజు రేసు ముందో తర్వాతో తాగడానికి బాగా పనికొస్తుంది.

ఆదివారం

స్టార్టుకి మూడు గంటల ముందు టిఫిన్. ఎనిమిదింటికి రేసంటే ఐదింటికే ఇడ్లీ కావాలి, లాడ్జి పక్క హోటల్ అప్పటికి తెరవదు, రాత్రే బ్రెడ్డు, తేనె, అరటిపళ్ళు కొనిపెట్టుకోండి. ఇడ్లీ దొరికితే చక్కెరతోనో తేనెతోనో, సాంబారు మాత్రం పక్కన పెట్టండి. రోజూ కాఫీ తాగేవాళ్ళు తాగండి, తాగనివాళ్ళు ఈరోజు మొదలుపెట్టకండి. గంట ముందు ఇంకో అరటిపండు.

స్టార్టుకి నలభై నిమిషాల ముందు వార్మప్. ఇరవై నిమిషాలు తేలిగ్గా, మెల్లగా పెంచుతూ, తర్వాత మూడుసార్లు నిమిషం గట్టిగా, మధ్యలో రెండేసి నిమిషాలు విరామం. పది నిమిషాల ముందు ముగించి వరసలోకి రండి. పేరు పిలిచి నిలబెట్టే పద్ధతి లేకపోతే ముందు వచ్చినవాళ్ళకే ముందు చోటు, అప్పుడు వార్మప్ కాస్త ముందుకి జరపండి.

గీత దగ్గర గేరు మధ్యలో ఉండాలి, మరీ తేలికైతే కాళ్ళు గిర్రున తిరిగి ముందుకి కదలరు, మరీ బరువైతే మొదటి తొక్కుడే పడదు. ఒక కాలు పెడల్‌లో బిగించి, దాన్ని గడియారంలో రెండు గంటల స్థానంలో ఉంచండి. అంతర్జాతీయ రేసుల్లో 15 సెకన్లున్నాయని ఆఖరిసారి చెప్పాక ఆ లోపల ఎప్పుడైనా సిగ్నల్ రావచ్చు, ఇక్కడా అలాగే అనుకుని సిద్ధంగా ఉండండి.

మొదటి నిమిషం నుంచి నిమిషంన్నర దాకా గట్టిగానే వెళ్ళాలి, తప్పదు, ఎందుకంటే ఇరుకు బాటలోకి ఎన్నో స్థానంలో దూరారో చాలాసేపు అక్కడే ఉంటారు. కానీ బాటలోకి దూరిన మరుక్షణం ఊపిరి సర్దుకోండి. మొదటి ల్యాపంతా అదే ఊపులో వెళ్ళినవాళ్ళని రెండో ల్యాపులో ఎక్కుడు మధ్యలో బైక్ నెట్టుకుంటూ వెళ్తుండగా మీరు దాటుతారు. మీ లెక్క ఏమిటంటే రెండో ల్యాపు, ఆఖరి ల్యాపు టైములు దాదాపు సమానంగా ఉండాలి. వాచీలో తర్వాత చూసుకోండి, మీ రేసు ఎలా నడిచిందో పోడియం కన్నా అదే సరిగ్గా చెబుతుంది.

ఎక్కుళ్ళలో సీటు ముందంచుకి జరిగి, మోచేతులు కిందికి దించండి, ముందు చక్రం లేవదు, వెనక చక్రం జారదు. దిగుళ్ళలో పెడలింగ్ ఆపి ఊపిరి తీసుకోవడమే పని, అక్కడ వేగం కోసం పోరాడకుండా బ్రేకు ఎంత తక్కువ వేయగలరో చూడండి. దాటాలంటే ముందువాళ్ళకి వినపడేలా "ఎడమ" అనో "కుడి" అనో అరవండి, బెంగళూరులో అయితే లెఫ్ట్, రైట్ అంటే చాలు. మీకన్నా ఒక చుట్టు ముందుండి మిమ్మల్ని దాటేవాళ్ళు వస్తే వీలైన మొదటి చోటే దారివ్వండి.

ప్రతి ల్యాపులో మీరు ముందే గుర్తుపెట్టుకున్న చోట రెండు గుక్కలు తాగండి, దాహం వేసేదాకా ఆగొద్దు. గంట దాటే రేసైతే గంటకి 60 గ్రాముల పిండిపదార్థం దాకా శరీరం వాడుకోగలదు, కానీ ఆ మోతాదు ఇంట్లో రైడ్‌లలో అలవాటు చేసుకుని ఉంటేనే.

పంక్చరైతే కంగారు పడకండి. సాయం తీసుకోగలిగేది ఫీడ్ జోన్‌లోనూ, బైక్ బాగుచేయించుకునే టెక్నికల్ జోన్‌లోనూ మాత్రమే, బయట ఎక్కడైనా మీ దగ్గరున్న సామానుతో మీరే బాగుచేసుకోవాలి, జోన్ కోసం కోర్సులో వెనక్కి తొక్కకూడదు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో బ్రిటన్ రైడర్ టామ్ పిడ్‌కాక్‌కి ముందు చక్రం పంక్చరైంది, ఎలాగోలా టెక్నికల్ జోన్ దాకా వచ్చి చక్రం మార్పించుకున్నాడు, అప్పటికి ముందున్న ఫ్రాన్స్ రైడర్ విక్టర్ కొరెట్జ్‌కీకి బాగా వెనకబడ్డాడు, అయినా ఆఖరి ల్యాపులో దాటి బంగారం గెలిచాడు. మీకు చక్రం మార్చే మెకానిక్ ఉండడు, కాబట్టి మీ ప్లగ్ కిట్ జేబులోంచి తీసి పెట్టడం ఇంట్లో రెండుసార్లు చేసి చూడండి. రంధ్రం కిందివైపుకి తిప్పితే సీలెంటు అక్కడికి చేరుతుంది, అప్పటికీ ఆగకపోతే ప్లగ్ దూర్చి, గాలి కొట్టి వెళ్ళడమే.

పెద్ద రేసుల్లో 80 శాతం నియమం ఉంటుంది. ముందున్నవారి మొదటి ల్యాపు 15 నిమిషాలైతే, మీరు 12 నిమిషాలు వెనకబడగానే అధికారులు మిమ్మల్ని కోర్సు నుంచి తప్పిస్తారు. దాన్ని అవమానంగా తీసుకోనక్కర్లేదు, పూర్తి చేసిన ల్యాపుల లెక్కన ఫలితాల్లో మీ స్థానం ఉంటుంది, మధ్యలో మానేసినట్టు రాయరు. చేయకూడనిది ఒకటే, కోర్సు హద్దుగా కట్టిన టేపు దాటి బయటపడితే పక్కనుంచి అడ్డదారిలో వెళ్ళి కలవడం. ఎక్కడ బయటికి పోయారో అక్కడే తిరిగి లోపలికి రండి.

పడితే ముందు తల సంగతి చూసుకోండి. హెల్మెట్ పగిలినా, తల తిరిగినా, ఏ ల్యాపులో ఉన్నారో గుర్తు రాకపోయినా రేసు అక్కడితో ఆపేయాలి, మనసొప్పకపోయినా సరే. మోకాళ్ళు, మోచేతులు గీసుకుపోవడం మామూలు, గీత దాటాక మెడికల్ టెంటులో శుభ్రమైన నీళ్ళతో మట్టంతా పోయేదాకా కడిగించుకోండి. టెటనస్ సూది ఎప్పుడు వేయించుకున్నారో గుర్తులేకపోతే ఇంటికెళ్ళాక వేయించుకోండి.

తిరుగు ప్రయాణం, సోమవారం

ఫలితాల కాగితం అతికించగానే వెళ్ళి మీ నంబరు, ల్యాపుల లెక్క సరిచూసుకోండి. తేడా ఉంటే అప్పుడే చెప్పాలి, అభ్యంతరాలకి గడువు తక్కువ ఉంటుంది, బస్సెక్కాక ఎంత మొత్తుకున్నా లాభం లేదు. ఇప్పుడు ఆ బిర్యానీ తినొచ్చు. రాత్రంతా కారు నడుపుకుంటూ రావాలని మాత్రం చూడకండి, రెండు రోజుల రేసు తర్వాత స్టీరింగ్ దగ్గర కునుకు పడుతుంది, వంతులేసుకోండి లేదా సోమవారం సెలవు పెట్టండి.

సోమవారం బైక్ బ్యాగులోంచి తీసి అదే రోజు కడగండి, ఎర్రమట్టి ఎండితే చైన్ లోపల ఉప్పుకాగితంలా అరగదీస్తుంది. బ్రేక్ ప్యాడ్ల మందం, చైన్ సాగిందా లేదా, ప్లగ్ వేసిన టైరు లోపల అతుకు కావాలా, ఈ మూడూ చూసి వాడేసిన ప్లగ్గులు, క్యాట్రిడ్జులు, క్విక్ లింకు అప్పుడే ఆర్డర్ పెట్టేయండి. కాళ్ళు రెండు మూడు రోజులు బరువుగా ఉంటాయి, బుధవారం దాకా అరగంట తేలికపాటి తొక్కుడు తప్ప ఏమీ వద్దు, గట్టి రైడ్ శుక్రవారం తర్వాతే.